నగరానికి సొంత రేవు ఉంటే దాన్ని నడపడం ఎలా: గేటు బయట నిలబడి నేర్చుకున్నవి

మా పిన్ని కొడుకు పోయిన నెల అమెరికాలో ఒక నగరపు రేవు ఆఫీసులో చేరాడు. చేరిన వారానికే ఫోన్ చేసి, "అన్నా, ఇక్కడ ఓడలు మావి కావు, సరుకు మాది కాదు, దింపేవాళ్లు మావాళ్లు కారు, మరి మేం చేసేదేంటి?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ వాడడిగింది సరైన ప్రశ్నే, చాలామంది ఐదేళ్లు పనిచేసి కూడా అది అడగరు. నేను లాంగ్ బీచ్ దగ్గర ఒక ట్రక్కుల ఆఫీసులో పదకొండేళ్లు డిస్పాచ్ పని చేశాను, అంటే రేవుని గేటు బయటి నుంచి చూసినవాణ్ణి. వాడికి ఫోన్లో చెప్పింది కొంత, చెప్పకుండా వదిలేసింది కొంత కలిపి ఇక్కడ రాస్తున్నా.

మనవైపు ఈ పద్ధతి అలవాటు లేదు. విశాఖ రేవు కేంద్రానిది, జీవీఎంసీకి దాని మీద పెత్తనం లేదు. కాకినాడ యాంకరేజ్ రేవు రాష్ట్రానిది. గంగవరం, కృష్ణపట్నం అదానీ చేతిలో ఉన్నాయి. కాలిఫోర్నియాలో మాత్రం శాన్ పెడ్రో అఖాతంలో ఒకే గట్టు మీద గీత గీసి పంచుకున్నట్టు రెండు రేవులుంటాయి. ఒకటి లాస్ ఏంజెలిస్ నగరానిది, రెండోది లాంగ్ బీచ్ నగరానిది. 1911లో రాష్ట్రం తీరం భూముల్ని ఈ రెండు నగరాలకీ అప్పగించింది. ఇరవై అడుగుల కంటైనరు పెట్టెను ఒకటిగా లెక్కేసే టీఈయూల్లో చెప్పాలంటే 2024లో మొదటిది కోటికి పైగా, రెండోది 96 లక్షలకు పైగా తీసుకుంది. ఇంత పెద్ద వ్యాపారం, ఓనరు చూస్తే మునిసిపాలిటీ. కాబట్టి ఉదాహరణలన్నీ ఇక్కడివే ఇస్తాను, ముఖ్యంగా లాంగ్ బీచ్‌వి.

ముందు మీరెవరో తేల్చుకోండి

మీరు ఇంటి ఓనరు. అంతే. ఇలాంటి వాటిని ల్యాండ్‌లార్డ్ పోర్టులంటారు. భూమి, జెట్టీలు, నీటి లోతు, లోపలి రోడ్లు, పట్టాలు మీవి. ఓడ దింపడం, పెట్టెలు పేర్చడం, గేటు నడపడం అద్దెకున్న టెర్మినల్ కంపెనీల పని, టెర్మినల్ అంటే రేవులో ఒక్కో కంపెనీ అద్దెకు తీసుకున్న భాగం. డాక్ కార్మికులకు పని ఇచ్చేది కూడా వాళ్లే, మీరు కాదు. కస్టమ్స్, కోస్ట్ గార్డ్ ఫెడరల్ ప్రభుత్వానివి, వాళ్లు మీ మాట వినాల్సిన పనే లేదు.

ఇల్లు అద్దెకిచ్చినవాళ్లకు తెలుసు, తర్వాత వచ్చే గొడవల్లో ముప్పాతిక అగ్రిమెంటు రాసిన రోజే పుట్టి ఉంటాయి. ఇక్కడ ఆ అగ్రిమెంటు ఇరవై, ముప్పై, నలభై ఏళ్లకు రాస్తారు, మీరు రిటైరయ్యాక కూడా అది బతికే ఉంటుంది. అందుకే లీజు మీద పెట్టినంత టైమ్ మరి దేని మీదా పెట్టకండి. ఎకరానికి ఇంత అద్దె అని ఒక్క అంకె రాసి ఊరుకోవద్దు, సరుకు వచ్చినా రాకపోయినా ఏటా కనీసం ఇంత కట్టాలన్న హామీ రాయించుకోండి, దాని పైన పెట్టెల సంఖ్య పెరిగేకొద్దీ మీకు వచ్చేది ఎలా మారుతుందో రాయించుకోండి. జెట్టీ కింద స్తంభాలు తుప్పు పడితే బాగుచేసేది ఎవరు, క్రేను పట్టాలు ఎవరివి, కుంగిన నేల ఎవరి నెత్తిన పడుతుంది, ఇవన్నీ పేరు పెట్టి రాయాలి. "ఇరుపక్షాలూ సామరస్యంగా పరిష్కరించుకుంటారు" అని లాయరు రాసుకొస్తే ఆ వాక్యం కొట్టేయండి, సామరస్యం ఉంటే కోర్టులు ఎందుకు.

ఇంకొకటి, అద్దెదారు చేతులు మారితే ఏంటన్నది. 2012లో లాంగ్ బీచ్ తన మిడిల్ హార్బర్ టెర్మినల్‌ని హాంకాంగ్‌కి చెందిన ఓడల కంపెనీ ఓఓసీఎల్‌కి 40 ఏళ్లకి, 460 కోట్ల డాలర్లకి లీజుకిచ్చింది. అప్పట్లో అందరూ చప్పట్లు కొట్టారు. ఆరేళ్లు తిరిగేసరికి ఆ కంపెనీని చైనా ప్రభుత్వానికి చెందిన కాస్కో కొనేసింది. వాషింగ్టన్ ఊరుకోలేదు, దేశ భద్రత పేరు చెప్పి ఆ టెర్మినల్ వదులుకోమంది. 2019లో ఆస్ట్రేలియా ఆర్థిక సంస్థ మెక్వారీ ఆధ్వర్యంలోని పెట్టుబడిదార్లు 178 కోట్ల డాలర్లకి దాన్ని తీసుకున్నారు. ఇల్లు మీదే, కానీ మీ ఇంట్లో ఎవరుండాలో ఎక్కడో తేలింది. కంపెనీ చేతులు మారితే మీ అనుమతి కావాలన్న క్లాజు ఎంత గట్టిగా ఉంటే అలాంటి రోజున మీకు అంత టెన్షన్ తక్కువ.

గల్లా పెట్టె మీద సిటీ కన్ను

రేవుకి డబ్బు ఎలా వస్తుందో తొందరగా చెప్పేస్తా. సరుకు మీద వార్ఫేజ్, ఓడ పొడవునీ ఆగిన టైమునీ బట్టి డాకేజ్, భూమి అద్దె. ఇవన్నీ టారిఫ్ అనే రేటు పుస్తకంలో అచ్చయి ఉంటాయి, ఎవరైనా చదువుకోవచ్చు. పన్ను సొమ్ము రేవులోకి రాదు, రేవు తన కాళ్ల మీదే నిలబడాలి.

తలనొప్పి ఆ తర్వాత. రేవులో డబ్బు కనబడగానే ఊళ్లో ప్రతి గుంత రోడ్డుకీ, ప్రతి లైబ్రరీకీ అది గుర్తొస్తుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు కౌన్సిల్లో ఎవరో ఒకరు రేవు నిధులు పంచేద్దామంటారు. ఇక్కడ మీరు గుర్తుపెట్టుకోవాల్సింది, ఆ భూమి నగరానికి ఇచ్చింది సొంతానికి వాడుకోమని కాదు, ట్రస్టుగా. ఓడలు, వ్యాపారం, చేపల వేట లాంటి వాటికే ఖర్చు పెట్టాలి.

లాంగ్ బీచ్ ఈ పాఠం ఖరీదుగానే నేర్చుకుంది. 1930ల్లో రేవు కింద చమురు పడింది. డబ్బు ఎంత వచ్చిందంటే ఏం చేయాలో తెలియనంత వచ్చింది. నగరం పట్టుబట్టి 1951లో ఆ చమురు ఆదాయంలో సగాన్ని ట్రస్టు నుంచి విడిపించేలా రాష్ట్రంతో చట్టం చేయించుకుంది, ఇక ఊరి ఖర్చులకు వాడుకోవచ్చని. 1955లో రాష్ట్ర సుప్రీంకోర్టు చూసి, సరే, ట్రస్టు నుంచి విడిపోయింది నిజమే, కానీ విడిపోయిన సొమ్ము మొదట ఇచ్చినవాడికి పోతుంది, అంటే రాష్ట్రానికి, అని తేల్చింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. పైపెచ్చు చమురు తోడిన కొద్దీ నేల కుంగింది, కొన్నిచోట్ల 29 అడుగుల దాకా దిగింది, మూడంతస్తుల ఇల్లు లోపలికి పోయేంత. నేలలోకి నీళ్లు ఎక్కించి 1958 నుంచి దాన్ని ఆపుకుంటూ వచ్చారు.

ఇప్పుడక్కడ పద్ధతి ఏంటంటే, రేవు స్థూల నిర్వహణ ఆదాయంలో 5 శాతానికి మించకుండా నగరం తీరం నిధికి మళ్లించవచ్చు, అది కూడా బీచ్‌లు, తీరం పనులకే. మీ నగరంలో కూడా ఇలాంటి అంకె ఒకటి చార్టర్‌లో, అంటే నగరపు మూల చట్టంలో, రాసి ఉండేలా చూడండి. అంకె లేకపోతే ప్రతి బడ్జెట్ సీజనూ ఒక పంచాయితీ.

రేవు డబ్బుకీ సిటీ రాజకీయాలకీ మధ్య ఉండాల్సిన గోడలో రేవు బోర్డు కూడా భాగమే. లాంగ్ బీచ్‌లో ఐదుగురు కమిషనర్లుంటారు, మేయరు పేర్లు ఇస్తే కౌన్సిల్ ఒప్పుకోవాలి, ఒక్కో విడత ఆరేళ్లు. రేవు అధిపతిని పెట్టుకునేది, తీసేసేది ఈ బోర్డే. మేయరు రేపు పొద్దున్న కోపమొచ్చినా సాయంత్రానికి తీసేయలేడు. నలభై ఏళ్ల లీజు రాసే చోట నాలుగేళ్ల ఎన్నికల గాలి నేరుగా తగలకుండా ఉండటానికే ఈ ఏర్పాటు.

నీళ్లు, ఎత్తు, పైలట్లు

లోతు లేకపోతే రేవు లేదు. లాంగ్ బీచ్ ప్రధాన కాలువ లోతు 76 అడుగులు, పక్కన లాస్ ఏంజెలిస్‌లో 53. ప్రధాన కాలువ పూడిక తీతలో ఫెడరల్ ఆర్మీ ఇంజినీర్ల చేయి ఉంటుంది, ఓడ కట్టే చోటు, అంటే బెర్త్, దాని పక్కన లోతు మాత్రం మీరే చూసుకోవాలి. లోతు గురించి అందరూ మాట్లాడతారు, ఎత్తు మర్చిపోతారు. లాంగ్ బీచ్‌లో పాత జెరాల్డ్ డెస్మండ్ వంతెన కింద నీటి మీది ఖాళీ 155 అడుగులే, పెద్ద ఓడలు లోపలి బెర్తులకు వెళ్లడానికి అది అడ్డం. 2020 అక్టోబరులో తెరిచిన కొత్త వంతెన 205 అడుగులు ఇస్తుంది. మీ రేవు దారిలో వంతెనో, కరెంటు తీగలో ఉంటే లీజు చర్చల కంటే ముందు ఆ కొలత తీసుకోండి.

పైలట్లంటే ఓడకి దారి చూపిస్తూ రేవులోకి తెచ్చేవాళ్లు, వాళ్ల సంగతి రెండు ముక్కల్లో. లాస్ ఏంజెలిస్‌లో వాళ్లు నగర ఉద్యోగులు. లాంగ్ బీచ్‌లో 1924 నుంచి జాకబ్సన్ అనే ప్రైవేటు సంస్థ చేస్తోంది. రెండూ నడుస్తున్నాయి, కాబట్టి ఏది మంచిదని బోర్డులో గంటలకొద్దీ వాదించుకోకండి.

అసలు పని: పెట్టె ఆగకూడదు

రేవంటే గోడౌన్ కాదు. బస్టాండు. పెట్టె వచ్చిందా, ఎక్కిందా, పోయిందా. ఓడలు ఎన్ని వచ్చాయన్నది మీడియాకి కావాలి, మీకు కావలసింది పెట్టె లోపల ఎన్ని రోజులు కూర్చుందన్నది. డ్వెల్ టైమ్ అంటారు. అది పెరిగిందంటే మిగతావన్నీ కుళ్లిపోతాయి, ఎందుకంటే యార్డులో పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు కదా, గుట్ట పెరిగేకొద్దీ మీకు కావలసినది అడుగుకి పోతుంది. పెళ్లింట్లో మంటపం బయట చెప్పుల గుట్ట గుర్తుతెచ్చుకోండి. తొందరగా వెళ్లేవాడి జత అడుగునే ఉంటుంది. దాన్ని తియ్యాలంటే పైన నాలుగు కదపాలి, ఆ నాలుగూ మళ్లీ ఎక్కడో పెట్టాలి, కదిపిన ప్రతిసారీ క్రేనుకి పనే గానీ ఎవడికీ లాభం లేదు.

2021 అక్టోబరులో, రేవులు పెట్టెలతో కిక్కిరిసిపోయిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం సంగతి చెప్తా. మా డ్రైవరు ఒకాయన ఖాళీ పెట్టెతో ఒక టెర్మినల్ గేటు దగ్గర ఉన్నాడు. ఆ షిప్పింగ్ లైను ఖాళీలు ఈరోజు తీసుకోం అని తిప్పి పంపారు. వెబ్‌సైట్‌లో చూస్తే ఆ వారమంతా ఒక్క స్లాటు లేదు. సరే, ఖాళీ మా యార్డుకే తెచ్చుకున్నాం. అప్పటికే మా యార్డులో పంతొమ్మిది ఖాళీలు ఛాసిస్‌ల మీదే కూర్చుని ఉన్నాయి, ఛాసిస్ అంటే పెట్టె కింద ఉండే చక్రాల బండి. సాయంత్రం ఆరింటి షిఫ్టుకి అదే టెర్మినల్లో నిండు పెట్టె ఒకటి తీసుకోవడానికి మాకు అపాయింట్‌మెంట్ ఉంది. వెళ్లడానికి డ్రైవరున్నాడు, ట్రక్కుంది, ఛాసిస్ లేదు. ఛాసిస్ ఎక్కడుంది? వాళ్లు తీసుకోనన్న ఖాళీ కింద. అపాయింట్‌మెంట్ పోయింది. మర్నాటి నుంచి ఆ నిండు పెట్టెకి రోజువారీ ఛార్జీ మొదలైంది, వేసింది ఖాళీని వెనక్కి పంపినవాళ్లే. నేనిది మూడుసార్లు వివరిస్తే గానీ మా సరుకు ఓనరుకి అర్థం కాలేదు, అర్థమయ్యాక ఇంకా కోపమొచ్చింది.

ఇందులో నగరం చేయగలిగింది ఏముంది, ఛాసిస్ మీది కాదు గేటు మీది కాదు అంటారా? ఉంది. అప్పట్లో లాంగ్ బీచ్ జోనింగ్ రూల్స్, అంటే ఏ స్థలాన్ని ఎలా వాడుకోవచ్చో చెప్పే నగర నిబంధనల ప్రకారం రేవు బయట ప్రైవేటు యార్డుల్లో ఖాళీ పెట్టెలు రెండుకి మించి పేర్చకూడదు, ఊళ్లో చూడ్డానికి బాగోదని. సరుకు రవాణా ఏర్పాట్లు చూసే ఫ్లెక్స్‌పోర్ట్ కంపెనీ అధినేత రయన్ పీటర్సన్ పడవెక్కి రేవు చుట్టూ తిరిగొచ్చి, ఇరుక్కున్న ముడి ఇదీ అని ట్విట్టర్‌లో పెట్టాడు. ఆ రోజే నగరం తాత్కాలికంగా నాలుగు దాకా పేర్చుకోమంది. దానితో అంతా తీరిపోలేదు గానీ, చూడండి, ఇది టెర్మినల్ కంపెనీ చేయలేని పని, షిప్పింగ్ లైను చేయలేని పని. ఒక్క నగరమే చేయగలదు. నగరం సొంత రేవు అన్నదానికి ఏమైనా అదనపు లాభం ఉంటే అదిదే. జోనింగ్, ఖాళీ స్థలాలు, పోలీసు, రోడ్డు సిగ్నళ్లు, అన్నీ ఒకే గొడుగు కింద ఉన్నాయి, మరి వాడుకోండి. రేవు ఆఫీసులో ఒకరికి ఇదే పని అప్పజెప్పండి, వారానికోసారి సిటీ ప్లానింగ్ వాళ్లతో కూర్చుని ఏ రూలు ఎక్కడ అడ్డం పడుతోందో చూడటం.

రెండో ఆయుధం రుసుము. అదే నెలలో రెండు రేవులూ కలిసి ప్రకటించాయి, ట్రక్కు మీద పోవలసిన పెట్టె తొమ్మిది రోజులు దాటితే షిప్పింగ్ లైను మీద 100 డాలర్లు, ఆ తర్వాత రోజుకో 100 చొప్పున పెరుగుతూ పోతుందని. వారం వారం వాయిదా వేస్తూ వచ్చి, 2023 జనవరిలో ఒక్క డాలరు వసూలు చేయకుండానే ఎత్తేశాయి. పాత పెట్టెలు మాత్రం ఈలోగా బాగా తగ్గాయి. నా అభిప్రాయం, ఇది బాగానే పనిచేసింది, కానీ నమ్ముకోదగ్గది కాదు. ఈసారి ప్రకటిస్తే లైన్ల వాళ్లు ముందు క్యాలెండరు చూసుకుంటారు.

మూడోది వరుస పద్ధతి. అప్పటిదాకా ఓడ రేవు దగ్గరికి వచ్చాకే వరుసలో లెక్క. దాంతో ప్రతి కెప్టెనూ ఉరుకుల పరుగుల మీద పసిఫిక్ దాటి వచ్చి లంగరేసి కూర్చునేవాడు, రేషన్ షాపు ముందు తెల్లారుజామున సంచి పెట్టి చోటు ఉంచుకున్నట్టు. 2021 నవంబరు నుంచి మార్చారు. ముందు రేవు వదిలిన టైమును బట్టే వరుస నంబరు ఇచ్చేస్తారు, తిరుమల టైమ్‌స్లాట్ టోకెన్‌లాగా, ఇక దగ్గరికొచ్చి పొగ ఊదుతూ నిలబడక్కర్లేదు. 2022 జనవరిలో వరుస 109 ఓడలకు చేరినప్పుడు కూడా తీరం దగ్గర అంత గుంపు కనబడకపోవడానికి కారణం ఇదే. సరుకు దీనివల్ల ఒక్కరోజు కూడా ముందు రాలేదు, అది వేరే సంగతి. గాలి మాత్రం కొంత బాగుపడింది.

రైలు సంగతి మర్చిపోకండి. ఈ రెండు నగరాలు ప్రత్యర్థులే, అయినా కలిసి అలమెడా కారిడార్ కట్టుకున్నాయి. 20 మైళ్ల పట్టాలు, అందులో సగం నేలకింద తవ్విన కందకంలో. 2002లో మొదలైంది, రెండు వందలకు పైగా రైల్వే గేట్ల దగ్గర ఊరు ఆగడం తప్పింది. పక్క రేవుతో అద్దెల దగ్గర పోటీ పడండి, రోడ్డు దగ్గర పడొద్దు.

కార్మికులు, పక్కింటివాళ్లు, కోర్టు

పశ్చిమ తీరంలో డాక్ పనంతా ఐఎల్‌డబ్ల్యూయూ యూనియన్‌ది. అటువైపు యజమానుల సంఘం పీఎంఏ. పొద్దున ఎనిమిది, సాయంత్రం ఆరు, తెల్లవారుజామున మూడు, ఇవీ షిఫ్టులు, మూడోదాన్ని గుడ్లగూబ షిఫ్టంటారు. 2002లో పది రోజులు గేట్లు మూతపడ్డాయి. వీళ్ల బేరంలో నగరానికి కుర్చీ లేదు. కుర్చీ లేదు కదా అని కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో తెలియకుండా ఉండకండి, 2023లో కుదిరింది ఆరేళ్లది, 2022 జూలై నుంచి లెక్క, ఆ గడువుని మీ గోడ మీద రాసుకోండి.

విశాఖ పాతనగరంలో బాల్కనీ రెయిలింగ్ మీద వేలితో రాస్తే నల్లగా వచ్చే దుమ్ము చూసినవాళ్లకి రేవు పక్కిల్లు అంటే ఏంటో చెప్పక్కర్లేదు. ఇక్కడా అదే గోల, బొగ్గుకి బదులు డీజిల్. 2001లో లాస్ ఏంజెలిస్ రేవు చైనా షిప్పింగ్ టెర్మినల్ కట్టబోతే, పర్యావరణ అధ్యయనం సరిగా చేయలేదని చుట్టుపక్కల జనం, ఒక పర్యావరణ సంస్థ కోర్టుకెక్కారు. నగరం ఓడింది. 2003లో రాజీపడి 5 కోట్ల డాలర్ల దాకా కట్టడానికి ఒప్పుకుంది, ఓడ ఇంజను ఆపేసి ఒడ్డు నుంచి కరెంటు తీసుకునే ఏర్పాటు కూడా అందులో భాగమే, 2004లో అది మొదలైంది. అధ్యయనానికి పట్టే రెండేళ్లు దండగ అనిపిస్తాయి. కోర్టులో పోయే రెండేళ్లు అంతకంటే దండగ. లాంగ్ బీచ్ ఇంకో దారి పట్టింది, 40 నాటికల్ మైళ్ల దూరం నుంచే 12 నాట్లకి, అంటే గంటకి 12 నాటికల్ మైళ్లకి, వేగం తగ్గించి వచ్చే ఓడలకి డాకేజ్‌లో తగ్గింపు. తిట్టకుండా పనయ్యే పద్ధతి, నాకిదే నచ్చుతుంది.

పాత ట్రక్కుల్ని 2008లో ఆపడం మొదలుపెట్టినప్పుడు లాస్ ఏంజెలిస్ ఇంకో అడుగు ముందుకేసింది. ట్రక్కు మీద ఫిర్యాదు ఫోన్ నంబరు అంటించాలి, పార్కింగ్ ఎక్కడో ముందే చెప్పాలి, రేవుతో ఒప్పందం లేని ట్రక్కుని లోపలికి రానిస్తే టెర్మినల్ మీద క్రిమినల్ కేసు. ట్రక్కుల సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2013లో ఏకగ్రీవంగా గెలిచింది. కోర్టు అన్నది తేలిగ్గా చెప్పాలంటే ఇది, ఇంటి ఓనరుగా షరతులు పెట్టుకో, కానీ జైలు చూపించి బెదిరిస్తే నువ్వు ఓనరువి కాదు, ప్రభుత్వానివి, అప్పుడు ఫెడరల్ చట్టం అడ్డొస్తుంది. కాబట్టి ఏ కొత్త రూలు రాసినా లాయరుని ముందు ఒకటే అడగండి, మనం ఏ టోపీ పెట్టుకుని ఇది రాస్తున్నాం అని.

మా తమ్ముడికి చివర్లో చెప్పింది ఒక్క పని. బోర్డు మీటింగుకి ముందు రోజు సాయంత్రం ఐదింటికి గేటు బయటికి వెళ్లి, ఆరింటి షిఫ్టుకి కట్టిన ట్రక్కుల వరుసలో చివరి బండి ఎక్కడుందో నడిచి చూసి రా, ఆ డ్రైవరు ఎన్నింటికి వచ్చాడో అడుగు, అది కాగితం మీద రాసుకుని మర్నాడు మీటింగులో జేబులో పెట్టుకో. వెళ్లేటప్పుడు ఫ్లాస్కులో టీ పట్టుకెళ్లు, అక్కడ మంచి టీ దొరకదు.